గలగలమనే బంతి

అంధుల క్రికెట్ చూడటానికి వెళ్లేవాళ్లకు నేను చెప్పే మాట ఒక్కటే: బౌలర్ ‘ప్లే’ అన్నాక నోరు మెదపకండి. ఈలలకు, డప్పులకు అలవాటుపడ్డ ప్రాణాలకు అది శిక్షే. ఏం చేస్తాం, అక్కడ బంతి జాడ తీసేది చెవి. గట్టి ప్లాస్టిక్ బంతిలో బేరింగ్ గుండ్లుంటాయి, దొర్లుతుంటే గలగలమంటాయి. అందుకే చెయ్యి కిందనుంచే వెయ్యాలి, పిచ్ సగం దాటకముందే బంతి నేలను తాకాలి. బ్యాటర్ మోకాలి మీద కూర్చుని స్వీప్ కొడతాడు. నేలబారు మోతకు అంతకన్నా నమ్మకమైన షాట్ లేదు. స్టంపులు లోహపు గొట్టాలు కాబట్టి బౌల్డయితే ఎవరూ చెప్పక్కర్లేదు.

1922లో మెల్‌బోర్న్‌లో చూపులేని ఫ్యాక్టరీ కార్మికులు డబ్బాలో రాళ్లు పోసి మొదలుపెట్టిన ఆట ఇది. నాకు బాగా నచ్చేది దీని లెక్క. పదకొండు మందిలో కనీసం నలుగురు బొత్తిగా చూపులేనివాళ్లుండాలి. వాళ్లు తీసే ఒక్కో పరుగూ రెండు. ఒకసారి నేలను తాకి లేచిన బంతిని వాళ్లు పట్టినా ఔటే. వాళ్లను పేరుకు నిలబెట్టి మిగతావాళ్లే ఆడేస్తామంటే కుదరదు, 40 శాతం ఓవర్లు వాళ్లే వెయ్యాలి. ఇందులో జాలి వీసమెత్తు లేదు. ఉమ్మడి గుంటూరు జిల్లా కుర్రాడు అజయ్ కుమార్ రెడ్డి 2018లో షార్జాలో మన జట్టుకు ప్రపంచకప్ గెలిపించింది ఈ లెక్కలతోనే. తర్వాత అర్జున అవార్డూ వచ్చింది.

బధిరుల ఆటల్లో చిక్కు వేరు. అక్కడ ఎంత అరిచినా ఫర్వాలేదు. పరుగుపందెంలో పిస్తోలు మోతకు బదులు దీపం వెలగాలి, ఫుట్‌బాల్ రిఫరీ జెండా ఊపాలి. ఇవేమీ డబ్బు సంచులు అడిగే ఏర్పాట్లు కావు.

అయినా మన దగ్గర చూపు, వినికిడి లేని పిల్లల ఆటలు ఎక్కువగా దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబర్ 3నే గుర్తొస్తాయి. అతిథుల ప్రసంగాలు అయ్యాక మిగిలిన ఎండలో ఏదో ఒక పోటీ. చూపులేని పిల్లలైతే పాట పాడించి పంపేస్తారు, వాళ్లంతా గాయకులే అయినట్టు! పాడాలనుకుంటే పాడనివ్వండి. డైవ్ కొట్టి మోకాలు చీరుకోవాలని, ఓడిపోయి అంపైర్‌తో పోట్లాడాలని ఉన్నవాడి సంగతేమిటి? వాడికి కావాల్సింది రోజూ సాయంత్రం ఒక గంట, కూడా ఉండే పీఈటీ సారు, నాలుగు బంతులు, చదునైన గ్రౌండు. ఆ గ్రౌండు బస్టాండు పక్కన మాత్రం ఇవ్వకండి. హారన్ల మోతలో బంతి వినపడదు.