వాలితే చేతిరాత కాదు

పెండ్లిళ్ల కాలంలో బాన్సువాడలోని డీటీపీ సెంటర్లలో తరచూ వినిపించే మాట: "అన్నా, పేర్లు జర చేతిరాత లెక్క పెట్టు." ఆపరేటరు పేర్లు సెలెక్ట్ చేసి ఇటాలిక్ బటన్ నొక్కుతాడు. అక్షరాలు కుడికి వాలతాయి, కానీ చేతిరాత కావు.

ఎందుకు కావో చూద్దాం. తెలుగు తలకట్టు ముందే కుడికి లేచి ఉంటుంది. ఇంకా వంచితే పక్క అక్షరం మీద పడుకుంటుంది. గీత కింద ఉండే ఒత్తులు మాత్రం ఎడమకు జారుతాయి. 'లక్ష్మి' అని వంచి చూడండి: పైన గుడి ఒక దిక్కు, కింద మకారపు ఒత్తు మరో దిక్కు.

వాలు అక్షరం పుట్టింది వెనిస్‌లో. 1501లో అచ్చుకర్త ఆల్డస్ మనూషియస్ రోమన్ కవి వర్జిల్ పుస్తకాన్ని, ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఆ అచ్చులతో వేశాడు. పండితులు వడిగా రాసే రాత దానికి మూలం. వడి ముందు, వాలు దాని ఫలితం. మనం వడిని వదిలి వాలును మాత్రమే తెచ్చుకున్నాం.

మన వడి రాత గొలుసుకట్టు. ఊరి లెక్కలు రాసే కరణాలు కలం ఎత్తకుండా ఒక అక్షరం తోకనే తరువాతి అక్షరానికి మొదలు చేసేవారు. గొలుసుకట్టును యథాతథంగా ఫాంటు చేస్తే ఈనాటి వాళ్లు చదవలేరు. పైగా తెలుగులో ఇష్టమొచ్చినట్టు అతకడం కుదరదు: 'ప'కు తలకట్టు తగిలిందంటే 'వ' అయి కూర్చుంటుంది! ఎక్కడ కలపాలో, ఎక్కడ సందు వదలాలో తెలియడమే ఈ పనిలో అసలు విద్య.

ఆ విద్య చిత్రకారుడు బాపుది. ఆయన అక్షరాలు దేనికది విడిగా నిలబడతాయి, అయినా కుంచె కదలిక కనిపిస్తూనే ఉంటుంది. ఆ రాత తరువాత ఫాంటుగానూ వచ్చింది. ఫాంటుకు ఒక ఇబ్బంది ఉంది. 'అమ్మమ్మ' అని చేత్తో రాస్తే రెండు 'మ్మ'లూ ఒక్కలా ఉండవు. ఫాంటులో కవల పిల్లలే. ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతిలో ఒక అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, పక్కన ఏముందో చూసి మార్చేలా చేయవచ్చు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు లెక్కేస్తే అది చాలా ఓపిక కోరే పని. అయినా చేయదగిన పని. పెండ్లి పత్రికలో పేరు చేతిరాతలో కనిపిస్తే, మనవాళ్లెవరో స్వయంగా రాసి పిలిచినట్టు అనిపిస్తుంది.

కథల శీర్షికలు, కార్టూన్ల మాటలు, పిల్లల పుస్తకాల అట్టలు, మిఠాయి దుకాణాల బోర్డులు చేతిరాత ఫాంటుకు తగిన చోట్లు. దరఖాస్తులకు, మందుల చీటీలకు వద్దు. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లలో లక్కిరెడ్డి ఈ తీరుదే. వధూవరుల పేర్లకు దాన్ని పెద్ద సైజులో వాడి, ముహూర్తం, చిరునామాలకు మండలి లాంటి నిటారు ఫాంటు పెట్టమని అడగండి. ఇటాలిక్ బటన్ జోలికి మాత్రం పోవద్దని చెప్పండి.