ఎరుపులో అడ్డంగా తెలుపు

సూరత్ నుంచి నవ్‌సారి పోయే దారిలో, ఉన్ దగ్గర, చెరకు రసం బండివాడు ఒక గడను మరలో పెట్టబోయి ఆగాడు. కొస చూసి పక్కన పడేశాడు. నేను దాన్ని తీసుకుని నిలువునా చీల్పించాను. లోపల ఎరుపు, ఆ ఎరుపులో అడ్డంగా తెల్లని మచ్చలు, పులిసిన కల్లు లాంటి వాసన. పురుగు తొలిచిన గడా ఎర్రబడుతుంది గానీ ఆ తెలుపు ఉండదు. ఇది ఎర్రకుళ్ళు తెగులు.

ముప్పై ఏళ్లు నా పని గడలు చీల్చడమే. ఆరేడు నెలల తోటలో కణుపుల నడుమ చిన్న రంధ్రం తొలిచి, ఆ తెగులు తెచ్చే శిలీంధ్రపు బీజాలు కలిపిన నీళ్లు చుక్కలుగా వేసి, మట్టితో మూసేస్తాం. 60 రోజులకు నరికి చీల్చి, ఎరుపు ఎంత వెడల్పు పాకింది, ఎన్ని కణుపులు దాటింది, మొవ్వు ఎండిందా అని చూసి ఆ చెరకు రకానికి 0 నుంచి 9 వరకు మార్కు వేస్తాం. కణుపు దాటిందా లేదా అన్నచోటే నా చూపు ఎక్కువసేపు ఆగేది.

ఆ మార్కు గడ ఒక్కదానిదే అనుకునేవాణ్ణి. ఒకసారి వేరే రాష్ట్రపు పట్టిక చూసి, 'ఈ రకం తట్టుకుంటుందండీ' అని గోదావరి జిల్లా రైతుకు చెప్పాను. మరుసటి ఏడు ఆయన కార్శి తోట ఎండిపోయింది. పట్టిక అబద్ధం కాదు, అక్కడి శిలీంధ్రంతో వేసిన మార్కు అది. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

1893లో జావాలో వృక్షశాస్త్రజ్ఞుడు వెంట్ వర్ణించినదీ, 1901లో మన గోదావరి తోటల్లో మరో వృక్షశాస్త్రజ్ఞుడు బార్బర్ చూసినదీ ఒకే జాతి: కొల్లెటోట్రైకం ఫాల్కేటం. కానీ జాతి ఒకటైనా కాటు ఒకటి కాదు. అందుకే దాని రూపాలకు సిఎఫ్ అంకెలు ఇచ్చారు. దక్షిణాదినా గుజరాత్‌లోనూ రైతులు మెచ్చిన కోసి 671 రకం నుంచి తీసింది సిఎఫ్ 06. ఉత్తరప్రదేశ్ చేలను కమ్మేసిన కో 0238 నుంచి వచ్చింది సిఎఫ్ 13. ప్రతి అంకె వెనకా ఒక మంచి రకం ఉంది. చెరకు ముచ్చెలతోనే, అంటే నాటే గడ ముక్కలతోనే, పెరుగుతుంది కాబట్టి లక్షల ఎకరాల్లో ఒకే మొక్క. దానిలోకి చొరబడగల బీజం ఒక్కటి పుడితే చాలు, మిగిలినవి వెనకబడతాయి. పైకి బాగున్న ముచ్చెలోనే అది ఊరు దాటుతుంది.

'ఇది ఏ ఊరి చెరకు, భాయ్?' అని అడిగాను. తెల్లవారుజామున మార్కెట్‌లో కొన్నానన్నాడు. రేపు అతనితో అక్కడికి వెళ్తున్నాను. ఆ తోట తెలిస్తే, అందులోంచి ఈ ఏడు ఎవరూ ముచ్చెలు కోయకుండా చెప్పవచ్చు.