గాజు పెట్టెలో తేమ

పెంపుడు సరీసృపాల పోషణలో వేడిపై పెట్టే శ్రద్ధలో సగమైనా తేమపై కనిపించదు. అమెరికా, ఐరోపా ఇళ్లలో విరివిగా పెంచే బాల్ పైథాన్ ఇందుకు మంచి ఉదాహరణ. సెనెగల్ నుంచి ఉగాండా దాకా విస్తరించిన ఆఫ్రికా గడ్డిమైదానాలు ఈ చిన్న కొండచిలువ స్వస్థలం కనుక, పొడిగాలి దానికి అలవాటేనని భావించడం కద్దు. అయితే పగటివేళ అది ఎలుక బొరియల్లోనో చెదపుట్టల్లోనో తలదాచుకుంటుంది. అక్కడి గాలి పైనున్న గాలి కంటే చల్లగా, చెమ్మగా ఉంటుంది. పెట్టెలో కల్పించవలసింది మైదానాన్ని కాదు, ఆ బొరియను.

పెంపకందారులు చెప్పే తేమ శాతం నిజానికి సాపేక్ష ఆర్ద్రత, అంటే ఒక ఉష్ణోగ్రత వద్ద గాలి పట్టగలిగిన నీటి ఆవిరిలో వాస్తవంగా ఉన్నది ఎంత వంతు అన్న లెక్క. ఘనపు మీటరు గాలి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 23 గ్రాముల ఆవిరిని, 32 డిగ్రీల వద్ద సుమారు 34 గ్రాముల ఆవిరిని పట్టగలదు కాబట్టి, పెట్టె చల్లని మూలలో 80 శాతం చూపిన గాలి, అదనంగా నీరేమీ చేరకుండా వేడినిచ్చే దీపం కిందికి వెళితే 54 శాతానికి దిగుతుంది. కొలిచిన చోటు చెప్పని అంకెకు, ఈ కారణం చేత, పెద్దగా విలువ లేదు.

తేమ లోపం బయటపడేది కుబుసం విడిచే వేళ. పాము కళ్లు కొన్ని రోజులు పాలనీలంగా మసకబారి, తిరిగి తేటపడ్డాక, చర్మం పెదవుల వద్ద మొదలై మేజోడు తిరగేసినట్టు ఒకే పొరగా ఊడిరావాలి. గాలి పొడిగా ఉంటే అది ముక్కలవుతుంది. కనురెప్పలు లేని ఆ కంటిని కప్పే పారదర్శకమైన పొలుసు మీది పాత పొర అంటుకుపోతుంది. దాన్ని పట్టకారుతో లాగడం కంటికే చేటు.

ఇందుకు విరుగుడుగా చాలామంది రోజూ నీళ్లు చిలకరిస్తారు. అంకె కాసేపు పెరుగుతుంది, అద్దం మీది చుక్కలు యజమానికి తృప్తినిస్తాయి, పాముకు ఒరిగేది స్వల్పం. పెట్టె అడుగున పరచిన పదార్థం పైపొర ఎప్పుడూ తడిగా ఉంటే పాము పొట్ట పొలుసులు పుండ్లు పడతాయి. తేమ పోతుందని గాలి రంధ్రాలన్నీ మూసేస్తే బూజు, శ్వాసకోశ వ్యాధులు తప్పవు. అడుగున మందంగా కొబ్బరి పొట్టు పరచి, మూలల్లో నీరు పోసి, కింద చెమ్మగానూ పైన పొడిగానూ ఉండేలా చూసుకోవడం, జల్లెడ మూతను కొంతమేర మాత్రమే కప్పడం, తడిపి పిండిన నాచుతో ఒక దాగుడు గూడు అమర్చడం అంతకంటే ఎంతో మేలు. సాధారణ రోజుల్లో 60 శాతం, కుబుసం వేళ 70 శాతం ప్రాంతంలో తేమ నిలిస్తే చాలు.

ఇదంతా తేమను కొలిచే హైగ్రోమీటర్ నిజం చెప్పినప్పటి మాట. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దయ్యేంత నీరు కలిపి, పరికరంతో పాటు గాలి చొరని సంచిలో ఒక రాత్రి ఉంచితే అది 75 శాతం చూపాలి. 70 చూపితే, ఆపై ప్రతి కొలతకూ 5 కలుపుకొని చదువుకోవాలి.