వంపు ఒకరిది, పేరు ఒకరిది

కాఫీ షాపుల్లో గుండ్రటి సీటూ, వంపు తిరిగిన వీపూ ఉన్న చెక్క కుర్చీ మీరు చూసే ఉంటారు. దాని మూలపురుషుడు మిఖాయెల్ థోనెట్. 1796లో రైన్ నది ఒడ్డున బొప్పార్డ్‌లో పుట్టాడు. అప్పుల ఇబ్బందుల్లో పడి 1842లో వియన్నా చేరాడు. 1859 నాటి 14వ నంబరు కుర్చీతో చరిత్రకెక్కాడు. అతని గురించి చదివినప్పుడల్లా ఆ వంపు మీద పొగడ్తలే కనిపిస్తాయి. నాకు మాత్రం అసలు కథ వంపు తర్వాతే మొదలవుతుందనిపిస్తుంది.

మాది వెలిగండ్ల. బండి చక్రం చేసే వడ్రంగి చెక్కను వంచడు. ముక్కల్ని వంపుగా చెక్కి జతచేస్తాడు, వాటి చుట్టూ కాల్చిన ఇనుప పట్టా ఎక్కిస్తారు. ఎంత చెక్కాలో ఆయన చేతికే తెలుసు. థోనెట్ దారి వేరు. బీచ్ చెక్క కడ్డీని ఆవిరిలో మెత్తబరిచి, బయటివైపు లోహపు పట్టీ బిగించి, ఇనుప అచ్చులో వంచి ఆరబెట్టాడు. చెక్క నొక్కితే ఒదుగుతుంది గానీ లాగితే సాగదు. పట్టీ ఉంటే బయటి అంచు చిట్లదు. అంటే నేర్పు చేతిలోంచి అచ్చులోకి వెళ్లిపోయింది.

అందుకే ఫ్యాక్టరీ వియన్నాలో కాకుండా మొరావియాలోని కోరిచానీలో పెట్టాడు. అక్కడ బీచ్ అడవులున్నాయి, తక్కువ కూలికొచ్చే మనుషులూ ఉన్నారు. వాళ్లు వడ్రంగులు కానక్కర్లేదు. సీట్ల కేన్ అల్లకం ఎక్కువగా ఆడవాళ్లే చేశారు. కుర్చీకి ఆరు చెక్క ముక్కలు, పది మరలు, రెండు నట్లు. విడదీస్తే ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. 1930 నాటికి సుమారు 5 కోట్లు అమ్ముడయ్యాయి.

దీన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. మన ఊళ్లల్లో కుర్చీ అంటే హోదా. ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో అదే తేల్చేది. థోనెట్ కుర్చీ చవగ్గా వచ్చి, కాఫీకి డబ్బులున్న ప్రతివాడినీ కూర్చోబెట్టింది. నగిషీలు చెక్కిన కుర్చీ ఎంత అందంగా ఉన్నా ఆ పని చెయ్యలేకపోయింది.

కాకపోతే అందరికీ కుర్చీ అందించిన ఆ పద్ధతే, కుర్చీ మొత్తం చెయ్యగలిగే మనిషి అక్కర్లేకుండా చేసింది. వంచినవాళ్లూ, అల్లినవాళ్లూ వేలమంది. మిగిలింది థోనెట్ అన్న ఇంటిపేరు. ఆ కుర్చీని మెచ్చుకునే విమర్శ ఈ రెండు లెక్కలూ ఒకే పేజీలో రాయాలి. లేకపోతే అది విమర్శ కాదు, క్యాటలాగు.