రంగం గోంగూర

మా ఉత్తరాంధ్ర వైపు పాతవాళ్ళు రంగూన్‌ని రంగూన్ అనరు, రంగం అంటారు. "వాడు రంగం వెళ్ళాడు" అంటే సంపాదనకి వెళ్ళాడని ఒక అర్థం, ఇక తిరిగి రాడేమోనని ఇంకో అర్థం. నా మొదటి నవల్లో అలా వెళ్ళిన తాతగారు ఒకాయన ఉన్నారు. ఆయన్ని స్టీమరెక్కించాను, రేవులో బస్తాలు మోయించాను, ఇరవై పేజీల తర్వాత ట్రంకు పెట్టెతో ఇంటికి తీసుకొచ్చాను. ఆ ఇరవై పేజీల్లో ఆ పెద్దమనిషి ఏం తిన్నాడో ఒక్క వాక్యమైనా రాయలేదు. ఈ లోపం ఏ విమర్శకుడూ పట్టుకోలేదు గానీ, మొన్న విశాఖపట్నంలో ఓ ముసలావిడ పట్టుకుంది.

కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది. 1962లో బర్మాలో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1964లో కొట్లన్నీ జాతీయం చేసి, 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. దాంతో అక్కడ తరాలుగా ఉన్న మనవాళ్ళు కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చేశారు. (1942లో జపాను బాంబులకి జడిసి అడవుల్లో పడి కాలినడకన వచ్చినవాళ్ళ కథ వేరే. అది కథ కాదు, నరకం.) అలా వచ్చినవాళ్ళు స్థిరపడిన చోటు కనుక ఆ పేరు. అక్కడ ఒక ఇంటి ముందు గదిలో నాలుగు బల్లలు వేసి నడుపుతున్న బర్మా హోటలుకి ఒక స్నేహితురాలు నన్ను లాక్కుపోయింది. కొడుకు పొయ్యి దగ్గర, కోడలు వడ్డన దగ్గర, స్కూలు యూనిఫారం విప్పని మనవడు డబ్బుల దగ్గర. పెద్దావిడ వెనక గదిలో, తలుపు వారగా, పీట మీద.

ముందు మొహింగా తెప్పించుకున్నాం. బర్మాలో ఇది పొద్దుటి ఫలహారం, మనకి ఇడ్లీ లాగ. జెల్లచేపని ఉడికించి, ముళ్ళు తీసి, నిమ్మగడ్డి, అల్లం, వెల్లుల్లి, లేత అరటి దూట వేసి, వేయించిన బియ్యప్పిండితో చిక్కబరిచిన పులుసు. సన్నటి బియ్యపు సేమ్యా మీద అది పోసి, పైన ఉడికిన గుడ్డు, కొత్తిమీర, కరకరలాడే పప్పు వడ చిదిపి, నిమ్మకాయ పిండి ఇస్తారు. ఇక్కడి మొహింగా బాగుంది. చెప్పొద్దూ, చాలా బాగుంది. చేప ఉన్నట్టే తెలియదు, కానీ లేకపోతే తెలుస్తుంది. ఆ మాట ఎందుకన్నానంటే, బోర్డు మీద 'వెజ్ మొహింగా' అని కూడా ఉంది. అదీ రుచి చూశాను. చింతపండు మరిచిపోయిన పులుసులా ఉంది. శనివారం నీసు ముట్టని ఊళ్ళో వ్యాపారం చేసేవాడి అవస్థ నాకు తెలియకపోలేదు. అయినా దానికి ఇంకేదైనా పేరు పెట్టుకోవచ్చుగా!

కొబ్బరిపాలతో చేసే ఖౌస్వేలో శనగపిండి కాస్త ఎక్కువై మజ్జిగపులుసు వాలకం వచ్చింది. దాని మీద చల్లిన వేయించిన నూడిల్సు ఒక్కటే కాపాడాయి. ఇక ప్రతి బల్ల మీదా ఎర్రటి చిల్లీసాస్ సీసా ఎందుకో నాకు అంతుబట్టలేదు. పక్క బల్ల కుర్రాళ్ళు రుచి కూడా చూడకుండా దాన్ని ధారగా పోసుకుంటున్నారు. ఇంత తంటాలు పడి వండినవాడికి ఆ దృశ్యం చూడ్డం ఎలా ఉంటుందో!

సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి ఒక వాసన వచ్చింది. నూనెలో మగ్గుతున్న గోంగూర వాసన. తెలుగు ఆడదాన్ని, నిద్రలో లేపినా పోల్చగలను.

"అదేమిటమ్మా?" అన్నాను కోడలితో.

"అది మా ఇంట్లోకండీ, అమ్మేది కాదు."

పెద్దావిడే లేచి వచ్చింది. "చిన్‌బౌనమ్మా. మీరు తినలేరు, నీసు వాసనొస్తాది" అంది. నేను తింటానన్నాను. ఒక చిన్న స్టీలు గిన్నెలో తెచ్చి పెట్టింది. 'చిన్' అంటే బర్మా భాషలో పులుపుట. మన గోంగూరే. అయితే మనలాగ ఉడకబెట్టి నూరరు. ఆకు ఆకుగానే మగ్గనిస్తారు. అందులో వెదురు కొమ్ములు, పచ్చిమిరప, ఎండు రొయ్యలు, ఙపి. ఙపి అంటే ఉప్పులో ఊరవేసిన చేపల ముద్ద. మొదటి ముద్దకి ముక్కు వెనక్కి తగ్గింది. రెండో ముద్దకి నాలుక ముందుకెళ్ళింది. పులుపూ, ఉప్పూ, ఆ లోతైన కుళ్ళు వాసనా (ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు) కలిసి ఒకటైపోయాయి. మా ఇంట గోంగూర రొయ్యలు కూర దీనికి చెల్లెలి వరస.

నేను నవలలు రాస్తానని, రంగం వెళ్ళినాయన గురించి కూడా రాశానని నా స్నేహితురాలు గొప్పగా చెప్పింది.

"ఏటి తినీవోడమ్మా మరి ఆయన?" అంది పెద్దావిడ.

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ జాలిపడి, గిన్నె నా వైపు ఇంకాస్త జరిపింది. "ఇదే తినుంటాడు. గోంగూర అక్కడా ఉంది గదా. అదుంటే ఇంక ఏ దేశమైతేనేటి?"

దీన్ని బోర్డు మీద ఎందుకు రాయరని కొడుకుని అడిగాను. "గోంగూర తినడానికి బర్మా హోటలుకి ఎవరొస్తారు మేడంగారూ? నవ్వుతారు" అన్నాడు. వ్యాపారరీత్యా అతని మాట కాదనలేను. కానీ నన్నడిగితే, ఈ హోటలు లోపం శనగపిండీ కాదు, చిల్లీసాసూ కాదు. తమ ఇంట్లో అన్నిటికన్నా బాగా వండేదాన్ని తలుపు వెనక దాచుకోవడం. బర్మా నూడిల్సు ఏ బండి మీదైనా దొరుకుతాయి. ఓ తెలుగు కుటుంబం సముద్రం దాటి వెళ్ళి, అక్కడి గోంగూరలో అక్కడి ఙపి కలపడం నేర్చుకుని, ఆ చేతివాటంతో మళ్ళీ ఓడెక్కి రావడమన్నది ఎక్కడ దొరుకుతుంది?

పైగా ఇంకో సంగతి. ఇక్కడ ఙపి దొరకదని ఆవిడ చిన్న చేపలూ రొయ్యలూ ఉప్పుతో దంచి, ఎండబెట్టి, జాడీలో తనే పెట్టుకుంటుంది. కోడలిది అనకాపల్లి వైపు. మంచి పిల్ల, వడ్డనలో చెయ్యి పెద్దది, కానీ ఆ జాడీ మూత తీస్తే వీధిలోకి వెళ్ళిపోతుంది. మనవడు ముక్కు మూసుకుంటాడు. ఆ కొలతలు ఇప్పటిదాకా ఎవరూ అడగలేదుట. నేనడిగితే, "కొలతేటమ్మా, చేతికి తెలుస్తాది" అంది. నవలలు రాసేదాన్ని, ఆ చెయ్యి కదిలే తీరు రాసుకుందామని సంచీలోంచి పుస్తకం తీశాను. ఆవిడ దంచేది వేసవిలోనట. అప్పుడు రమ్మంది.

మీరు వెళ్ళేట్టయితే పొద్దున్న ఎనిమిది లోపల వెళ్ళండి, తర్వాత చేప మొహింగా మిగలదు. సాస్ సీసా పక్క బల్లకి ఇచ్చేయండి. గోంగూర అడగండి. లేదంటారు. పెద్దావిడకి వినపడేలా మళ్ళీ అడగండి. శనివారం మాత్రం వద్దు. ఆ రోజు ఆవిడ పొయ్యి దగ్గరికి రాదు.