ఉక్కు ఎంత మిగిలింది?

ధరణికోటలో 1960ల తొలినాళ్ల తవ్వకాల్లో బయటపడిన పడవల రేవును మొదట కట్టింది కొయ్య స్తంభాలతో. ఇటుక పని ఆ తరవాతది. పక్కనే అమరావతి స్తూపం రాతి కంచె ఇప్పుడు ముక్కలుగా చెన్నై, లండన్ మ్యూజియంలలో ఉంది. దాని స్తంభాలకు బెజ్జాలు తొలిచి అడ్డకమ్ముల్ని దించారు, నెత్తిన ఉష్ణీషం అనే రాతి దూలాన్ని కూర్చోబెట్టారు. అచ్చంగా వడ్రంగి అతుకు. శిల్పి రాతిలోనూ కొయ్యపనే చేశాడు.

ఆ పని నేర్చిన చేతుల సామాను, అంటే బాడిశ, ఉలి, చిత్రిక, బరమా, పల్నాడు అటకల మీద ఇంకా అక్కడక్కడా దొరుకుతుంది. పాత ఇనుము కొనేవాడికి అవన్నీ కిలోల లెక్క. లెక్క అది కాదు.

కొలిమిలో చేసిన బాడిశను పట్టుకుంటే ముందు పిడి దూరే కన్నం చూడండి. లోపలి గోడ కాస్త ఎగుడుదిగుడుగా, బయట సమ్మెట దెబ్బల పలకలతో ఉంటే అది కమ్మరి చెయ్యి. అచ్చులో పోతపోసిన సరుకైతే అంతా ఒకే మందం, పక్కన అచ్చు కలిసిన గీత. తరవాత అంచు. పనిముట్టు ఒళ్లంతా ఉక్కు పెట్టడు కమ్మరి. ఉక్కు ఖరీదు, పైగా దెబ్బకు పెళుసు. మెత్తని ఇనుముతో ఒళ్లు చేసి, కోసే చోట మాత్రం ఉక్కు ముక్కను కాల్చి, కొట్టి అతుకుతాడు. ఇనుము దెబ్బ కాస్తుంది, ఉక్కు పదును నిలుపుతుంది. జపాను ఉలుల కిటుకూ ఇదే. అంచును సన్నని సానరాయి మీద నాలుగుసార్లు లాగి వెలుతురుకు ఏటవాలుగా పట్టండి: ఇనుము మసకగా, ఉక్కు తళుక్కుమంటూ, మధ్యన కొద్దిగా వంకరపోయిన గీత. అంత వేడిలో, అంత తొందరలో, అంత సన్నగా అతకడం చిన్న పని కాదు.

వెల ఆ గీత దగ్గరే తేలుతుంది. ఉక్కు ఇంకా అంగుళం ఉంటే పనిముట్టుకు ఆయుష్షు ఉన్నట్టే; సానకు అరిగి గీత దాకా వస్తే ఇక గోడకు తగిలించుకోవడానికే. ఉలి చదును ముఖాన అంచు దగ్గర తుప్పు గుంటలుంటే ధర పడిపోతుంది. అంచు నీలం తిరిగి ఉంటే ఎవరో గ్రైండరు మీద కాల్చి పదును చంపేశారు. పిడి మారిస్తే మాత్రం నష్టం లేదు. ‘షెఫీల్డ్’, ‘క్యాస్ట్ స్టీల్’ ముద్రలున్న ఉలులూ కనబడతాయి. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మూసలో ఉక్కు కరిగించడం సాధించాడు; ‘క్యాస్ట్ స్టీల్’ అంటే ఆ ఉక్కే. మన తెలంగాణలోని కోనసముద్రం కమ్మరులూ మూసలోనే ఉక్కు తీసేవారని ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

చిత్రికకు అడుగున ఉన్న నోరు చూడాలి. అలుగుకూ కొయ్యకూ మధ్య సందు ఎంత సన్నమైతే పొట్టు అంత పల్చగా, నార లేవకుండా వస్తుంది. అరిగిన నోటికి గట్టికొయ్య చెక్క పొదిగి ఉంటే నేనైతే రెండు రూపాయలు ఎక్కువే ఇస్తాను.

అటక మీది పెట్టె దించితే తుప్పు తుడవడానికి కిరసనాయిలు, పాత గుడ్డ చాలు. తూకానికి వేసే ముందు ఒక్కసారి మీ ఊరి వడ్రంగి చేతికిచ్చి చూపించండి.