లాటినో బాలురపై పరిశోధనలు – ఒక విమర్శ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో లాటిన్ అమెరికా మూలములు గలవారిని లాటినోలందురు. వీరిలో సరిహద్దు దాటి వచ్చినవారే గాక, 1848 నాటి సంధితో సరిహద్దే తమను దాటిపోగా ఉన్నచోటనే పరాయివారైన మెక్సికనుల సంతతియు కలదు. రాష్ట్రముల ఎల్లలు మారిన పిదప అన్యభాషల నడుమ మిగిలిన మనవారికి ఈ స్థితిని వేరుగ వివరింప నక్కరలేదు. ఆ సమాజమునందలి మగపిల్లలనుగూర్చి వెలువడిన పరిశోధనల గుణదోషములను విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఉన్నతవిద్యలో లాటినో పురుషుడు కనుమరుగగుచున్నాడని 2009లో విక్టర్ సాయెంజ్, లూయిస్ పొన్‌హ్వాన్ అను పండితులు వ్రాసిరి. 2012లో పెద్రో నొగేరా, ఆయిదా ఉర్తాదో, ఎడ్వర్డ్ ఫెర్గస్‌ల సంపాదకత్వమున ‘ఇన్విజిబుల్ నో మోర్’ అను సంపుటము వెలువడెను. వేర్వేరు శాస్త్రములవారి విచారణలను ఒకచోట జేర్చుట దాని గొప్పదనము. అయినను ‘కనుమరుగు’, ‘అదృశ్యము’ అను మాటలు నాకు సమ్మతములు గావు. ఎవరి కంటికి అదృశ్యుడు? కళాశాల కంటికి గావచ్చును. రక్షకభటుని కంటికి మాత్రము గాడు.

ఈ సంగతిని విక్టర్ రియోస్ ‘పనిష్డ్’ అను గ్రంథమున (2011) స్పష్టపరచెను. ఓక్లండ్ నగరమున నల్లజాతి, లాటినో బాలురు 40 మంది జీవితమును ఆయన మూడేండ్లు పరిశీలించెను. పాఠశాల, పోలీసులు, ప్రొబేషన్ అధికారులు అందరును బాలుని నేరము చేయకమునుపే నేరస్థునిగ జూచుచుండిరని నిరూపించెను. ఆ వీధులలోనే పెరిగినవాడగుటచే ఆయన మాటకు బలము హెచ్చు.

ఆంజెలా వాలెన్‌జుయెలా గ్రంథము (1999) బాలురకే పరిమితము గాదు. అయినను ఉపాధ్యాయునకు అన్నిటికంటె ఉపకరించునది ఇదియే. హ్యూస్టన్‌లోని ఒక ఉన్నత పాఠశాలను జూచి, ఆ చదువునకామె ‘తీసివేత చదువు’ అని పేరిడెను. బడి బిడ్డకు కూడుటకు మారుగ, వాని భాషను, సంస్కృతిని తీసివేయుచున్నదని ఆమె వాదము. ఆ మరుసటేండ్లలో కాలిఫోర్నియా అనుభవమును దీనితో కలిపి చదువవలెను. అచటి ఓటర్లు 1998లో ద్విభాషా బోధనను చాలమేరకు తొలగించి, 2016లో ఆ శాసనమును రద్దుచేసిరి. ఈ నడుమ చదివిన పిల్లల ఈడు మరల రాదు గదా!

ఇక ప్రభుత్వ విధానము. 2014 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఒబామా ‘మై బ్రదర్స్ కీపర్’ అను కార్యక్రమమును ప్రారంభించెను. మార్గదర్శకులను సమకూర్చుట మంచిదే. కాని అదే యింట, అదే బడిలో నలుగుచున్న ఆడపిల్లలను విడుచుట తగదని ఆ యేడే వేయిమందికి పైగా స్త్రీలు లేఖ వ్రాసిరి. ఆ ఆక్షేపణ న్యాయమైనది. నా ఆక్షేపణ మరియొకటి: బాలుని దిద్దుటకు జేసిన యత్నములో బడిని దిద్దుటకు జేసినది స్వల్పము. 18–24 ఏండ్ల లాటినోలలో ఉన్నత పాఠశాల పూర్తిచేయక విడిచినవారు 2000లో నూటికి 32 మంది. 2014 నాటికి 12 మందియే. పదునాలుగేండ్లలో ఇంతగ మారినది జాతిస్వభావమెట్లగును?

మన రాజ్యాంగమున 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను ఉద్దేశించుచున్నది. మన సంఘములు తెలుగు పిల్లల స్థితిగతులను లెక్కింపబూనినపుడు, వారికేమి కొరవడినదని యడుగుటకు ముందు, బడి వారినుండి ఏమి తీసివేసినదని యడుగుట మేలు.